ఎవరికీ ఇవ్వని ఆట

డిస్కు పోయింది.

కార్దెనాస్‌లోని ఆ వీధిలో గుర్రంతో సహా బండి మాయమైనా అంత గోల పుట్టదు. హవానా నుంచి వారం వారం సినిమాలూ, సీరియళ్లూ, ఆటలూ నిండిన హార్డ్ డిస్కు దిగేది ఓస్మెల్ ఇంట్లోనే. వీధంతా కాపీ చేసుకునేది. అక్కడి దోమలు సైతం సీరియల్ అయ్యాకే కుడతాయని వాడుక.

పోయింది ఆ డిస్కు కాదు. పాత నల్లది. అందులో ఒకే ఆట. ఓస్మెల్ తమ్ముడు దరియెల్ స్వయంగా తయారు చేసినది.

దరియెల్ చనిపోయి ఆర్నెల్లు.

పోలీసు లెఫ్టినెంట్ నివాల్దో విచారణ మొదలెట్టాడు.

"కాపీ ఉందా?"

"లేదు."

"లోకం సొత్తంతా పంచిపెడతావు. ఇదొక్కటీ దాచావేం?"

"అవి ఎవరివో. ఇది వాడిది."

"నువ్వు ఆడతావా?"

"రోజూ తగిలించి, ఉందో లేదో చూస్తాను. తెరవను."

ఏడుపు లేదు. కోపం లేదు. కరెంటు పోయిన ఇల్లులా ఉంది ఓస్మెల్ మొహం.

తాళం పగల్లేదు. నిన్న వచ్చినవాళ్లు ఇద్దరే. డొమినో ఆటలో నేస్తం రిగో, పక్కింటి మైలెన్.

"ఆ ఆట ఇమ్మని బతిమాలాను, నిజమే," అన్నాడు రిగో. "సినిమా తీసినోణ్ణి అడక్కుండా సినిమాలు పంచే మహానుభావుడు! తమ్ముడి ఆట దగ్గరికొచ్చేసరికి నీతులు! వెతుక్కోండి సార్, నా ఇంట్లో దొరికితే నా మీసం మీది."

ఏమీ దొరకలేదు.

ఫోన్లు బాగుచేసే మైలెన్ కాఫీ ఇచ్చింది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది.

"చల్లటి నీళ్లుంటే పొయ్యమ్మా."

"ఫ్రిజ్ తెరవకూడదు సార్. చలి పోతుంది."

నివాల్దో తలాడించి బయటపడ్డాడు. వీధి మలుపు దాకా వెళ్లి ఆగాడు. గిర్రున వెనక్కి తిరిగాడు.

అయిదు నిమిషాల్లో ఓస్మెల్‌నీ రిగోనీ వెంటబెట్టుకుని మైలెన్ వంటింట్లో ఉన్నాడు.

"కరెంటు పోతే ఫ్రిజ్ తెరవొద్దని మా ఆవిడా అరుస్తుంది," అన్నాడు నివాల్దో. "ఫ్యాను తిరుగుతుంటే ఎందుకు తల్లీ?"

ఫ్రిజ్ తలుపు మీది తువ్వాలు లాగాడు. సందులోంచి సన్నటి వైరు. లోపల, చేపల పక్కన, ప్లాస్టిక్ సంచిలో నల్ల డిస్కు.

"అది చస్తోంది సార్," అంది మైలెన్. "నిన్న ఓస్మెల్ తగిలించినప్పుడు టిక్కుటిక్కుమంది. చలిలో పెడితే కాసేపు ఊపిరి నిలుస్తుంది. ఆ కాసేపట్లో కాపీ చేశాను."

"అడగొచ్చుగా?"

"అడిగితే ముట్టుకోనిస్తాడా?"

ఓస్మెల్ నోరు విప్పాడు. "వచ్చిందా?"

"వచ్చింది. నీ డిస్కు మాత్రం ఇక తిరగదు. కాపీ ఎక్కించిన నా డిస్కూ పాతదే, ఓస్మెల్. ఒక్కచోటే ఉంటే ఇదీ పోతుంది."

"దొంగతనం కేసు రాయమంటావా?" అడిగాడు నివాల్దో.

ఓస్మెల్ నల్ల డిస్కు చేతిలోకి తీసుకున్నాడు. మంచుముక్కలా ఉంది. వేళ్లు మొద్దుబారేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"రిగో, నీ డిస్కు పట్రా," అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఓస్మెల్ గుమ్మంలో కూర్చున్నాడు. ఆటలో గుర్రబ్బండి బోల్తా పడినప్పుడల్లా దరియెల్ గొంతు పలుకుతుంది. ఒక్కో కిటికీలోంచీ అదే గొంతు.

"ఒరే, గుర్రానికున్న బుద్ధి నీకు లేదురా!"

ఓస్మెల్ మొహం మారలేదు. రిగో కిటికీలోంచి వరసగా ఆరోసారి వినబడ్డాక మాత్రం లేచాడు.

"జరగరా, రిగో," అంటూ ఆ ఇంటి గుమ్మమెక్కాడు. "వాడి చేత ఎన్నిసార్లు తిట్టిస్తావు? ఇలా ఇవ్వు, నేను తోలతాను."