ఫర్రాజ్ బావి దగ్గర కాఫీ

ఫర్రాజ్ బావి దగ్గర పొద్దుగూకాక ఎవరూ ఒంటె దిగరు. దాహంతో నాలుక పిడచగట్టినా సరే, దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోతారు.

ఫర్రాజ్ ఆ బావి తవ్వినవాడు. ఒక రాత్రి ముగ్గురు అతిథులొస్తే డేరాలో కూర్చోబెట్టి, తన చేత్తో యాలకులు వేసి కాఫీ గింజలు దంచి, కాచి పోశాడు. తాగారు. తాగి, ఆయన్నే చంపి, ఒంటెల మందని తోలుకుపోయారు. కాఫీ తాగిన ఇంటివాడి మీద చెయ్యెత్తడం! మా ఎడారిలో అంతకు మించిన పాపం లేదు. తెల్లారాక డేరాలో మూడు ఖాళీ కప్పులు దొరికాయి గానీ, ఆ ముగ్గురూ ఎవరో ఎవరికీ తెలియలేదు.

అప్పట్నుంచీ చీకట్లో ఆయన కాఫీ దంచే ఇత్తడి రోలు మోగుతుందని చెప్పుకునేవాళ్ళు. టంగ్... టంగ్... రోలు మోగిందంటే మాకు పిలుపు. 'రండి, కాఫీ ఉంది' అని. ఆ పిలుపుకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

ఇది మా మేనమామ షుతైవీ చెప్పిందే.

దోపిడీలు మాన్పించడానికి ప్రభుత్వం మావాళ్ళకే తుపాకులిచ్చి, ఒంటెలెక్కించి పోలీసుల్ని చేసిన కాలం అది. మా తెగలో మొదట ఆ బట్టలు తొడుక్కున్నది మామయ్యే. సొంత బంధువులే వెక్కిరించేవాళ్ళు. ఆ రోజు ఒంటెల దొంగతనం మీద ఘుదయ్యాన్ అనే ముసలి దోపిడీగాణ్ణి పట్టుకుని ఠాణాకి తీసుకెళ్తున్నాడు. ఘుదయ్యాన్ దారంతా ఒకటే ఎత్తిపొడుపు.

"మీ తాత నా పక్కనే ఒంటె మీద దోపిడీకి వచ్చేవాడురా. మనవడేమో దొంగల్ని మందలా మేపుతున్నాడు!"

"మేపేది ఠాణా దాకానే, పెద్దాయనా. అక్కడ హవల్దారు మేపుతాడు."

రాళ్ళ కనుమలో నీళ్ళ తిత్తి చిరిగిపోయింది. చుక్క మిగల్లేదు. దగ్గర్లో ఉన్నది ఒకటే బావి, ఫర్రాజ్‌ది. అటు తిప్పగానే ముసలాడు తన ఒంటె ముకుతాడు వెనక్కి లాగాడు.

"అటొద్దు," అన్నాడు. "వేరే దారి చూడు."

"వేరే దారిలో పొద్దుటికి ఇద్దరం ఎండిపోతాం."

చీకటి పడ్డాక చేరారు. నీళ్ళు తోడుకున్నారు. ఇక కదులుదామంటే ఒంటెలు లేవవు. కొట్టినా లేవలేదు. చేసేదిలేక మామయ్య బేడీలో ఒక కడియం తన మణికట్టుకి, రెండోది ముసలాడి మణికట్టుకి వేసి, రాయికి ఆనుకుని కూర్చున్నాడు. చంద్రుడు లేడు. మబ్బు. పక్కనున్న మనిషి కూడా కనపడడు.

టంగ్...

మామయ్య ఖాళీగా ఉన్న చేత్తో తుపాకి అందుకున్నాడు.

టంగ్... టంగ్...

"విన్నావా?" ముసలాడు గుసగుసగా అన్నాడు. "బేడీ తియ్యి, అబ్బాయ్. నీ కాళ్ళు పట్టుకుంటా. పారిపోను... ఇక్కణ్ణుంచి పోనియ్ చాలు."

తాళంచెవి మామయ్య జేబులోనే ఉంది. తీసి, వాణ్ణొదిలేసి, తనూ పరిగెత్తుదామని ప్రాణం కొట్టుకుంది.

"నువ్వు నా పూచీలో ఉన్నావు," అన్నాడు. "బతికున్నవాడొచ్చినా, చచ్చినవాడొచ్చినా ముందు నన్ను దాటాలి."

అన్నాడే గానీ... తుపాకి ఎటు గురిపెట్టాలో తెలియని చీకటి.

రోలు దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకి. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో... టంగ్.

ఆగిపోయింది.

అప్పుడు సంకెల కదిలింది. ముసలాడు పెద్దల ముందు కూర్చున్నట్టు మఠం వేసుకుని నిటారుగా కూర్చోవడం మామయ్య భుజానికి తెలిసింది. కట్టేసిన చెయ్యి మెల్లగా పైకి లేచింది, మామయ్య చేతిని కూడా లాక్కుంటూ. నోటి దాకా వెళ్ళింది. దిగింది. మళ్ళీ లేచింది. దిగింది. మూడోసారి దిగాక, ఆ మణికట్టు అటూ ఇటూ చిన్నగా ఆడింది.

ఆ కదలిక మామయ్యకి తెలుసు. 'చాలు, ఇంక పోయొద్దు' అన్నప్పుడు మావాళ్ళు ఖాళీ కప్పుని అలాగే ఆడిస్తారు.

అలాగే తెల్లవారింది.

చుట్టూ నిప్పు లేదు, బూడిద లేదు. ఇసుక మీద తమ అడుగులు తప్ప మరో అడుగు లేదు. ముసలాడు కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ఒంటె ఎక్కమంటే ఎక్కాడు. ఠాణా దాకా ఒక్క ఎత్తిపొడుపు లేదు.

హవల్దారు పేరడిగాడు.

"ఘుదయ్యాన్. ఫర్రాజ్‌ని చంపింది నేనే. కత్తి నాది. తక్కిన ఇద్దరూ పోయారు."

హవల్దారు చేతిలో కలం ఆగిపోయింది. "నిన్ను పట్టుకొచ్చింది ఒంటెల కోసం కదరా! ఇది ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు." ముసలాడు తల దించుకున్నాడు. "నిన్న రాత్రి ఆయన కూడా అడగలేదు, అయ్యా. ఒక్క మాట అనలేదు... పెద్దవాణ్ణని ముందు నాకే పోశాడు."

మామయ్య సంకెల విప్పడానికి వంగాడు. ముసలాడి ఊపిరి ముఖానికి తగిలింది.

వెచ్చగా... యాలకుల వాసన.