సగం ఆలివ్ కాయల పళ్ళెం

తప్పులున్న చోట కాస్త ఊహించుకుని చదువుకోండి. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక, మా ఆయన పోయాక. రెండు మాటలు రాస్తే మూడో మాట దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అందుకని నిదానంగానే రాశాను.

ఓడ వచ్చే రోజు పోర్జియాకు కాలు నిలవదు. ఆ రోజూ అంతే. వాకిట్లో బల్ల వేసింది, పిండి కలిపింది, చేతులు కడుక్కోకుండానే సందు చివరిదాకా వెళ్ళి రేవు వైపు చూసి వచ్చింది. తెల్లటి ఓడ మా మేడలకన్నా ఎత్తుగా నిలబడి ఉంది.

"కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాను ఎదురు వాకిట్లోంచి.

"నడుం పట్టేసింది, అందుకే తిరుగుతున్నా," అంది పోర్జియా.

మా బారి రేవు పట్నంలో, పాత ఊళ్ళో ఆడవాళ్ళం వాకిట్లో కూర్చునే పిండి గవ్వలు చేస్తాం. పిండిని తాడులా పేని, ముక్కలు కోసి, కత్తి మొనతో లాగి బొటనవేలి మీద తిప్పేస్తే చిన్న చెవిలా వస్తుంది. కళ్ళు మూసుకున్నా పోర్జియా చెయ్యి గురి తప్పదు. ఆ రోజు మాత్రం సగం గవ్వలు చిరిగిపోయాయి.

ఆమెకు ఒక్కతే కూతురు, లిదియా. ఆ ఓడలోనే పని. ఓడ ఆగిన ప్రతి ఊళ్ళోనూ ప్రయాణికులను వెంటబెట్టుకుని గుళ్ళూ కోటలూ చూపించి, అక్కడి తిండి రుచి చూపించి, హారన్ మోగేలోగా మళ్ళీ ఓడ ఎక్కిస్తుంది. తండ్రి సబీనో పోయినప్పుడు ఆ పిల్ల నడిసముద్రంలో ఉంది. పాతిపెట్టాక వచ్చింది. గడపకు అడ్డంగా నిలబడి పోర్జియా అందరి ముందూ అంది: "టూరిస్టులా వచ్చి పోయేదానివైతే ఈ గడప తొక్కకు." పిల్ల పెట్టె పట్టుకుని అట్నుంచటే వెళ్ళిపోయింది. రెండేళ్ళయింది. ఓడ మా రేవుకు వస్తూనే ఉంది, లిదియా తన జనాన్ని కోట వైపే తిప్పుకుపోతోంది.

ముందు రోజు నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, మా ఓడను ఉత్తరాన చలిదేశాలకు మారుస్తున్నారు. బారికి రావడం రేపే ఆఖరు. అమ్మకు చెబితే చెప్పు, లేకపోతే లేదు."

చెప్పాను. పోర్జియా "అయితే?" అంది. అలా అన్న మనిషికి రాత్రంతా నిద్ర లేదని పొద్దున్నే ఆమె కళ్ళు చూస్తే తెలిసింది.

ఎండ గోడల మీదికి ఎక్కేసరికి చిన్న జెండా ఒకటి మా సందు తోరణం కిందికి వచ్చింది. దాని వెనక ఇరవై మంది. జెండా పట్టుకున్నది లిదియా. గడ్డి టోపీ, నల్ల కళ్ళజోడు. గుడి చూపించి తెచ్చింది కాబోలు, వాకిలి స్తంభాలు మోసే రాతి ఎద్దుల గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఈ రోజు కోట మూసి ఉంది, అందుకే ఇటు వచ్చాం అని వాళ్ళకు చెబుతోంది. కోట తెరిచే ఉంది. పొద్దున్న కూరలకు వెళ్ళినప్పుడు నేనే చూశాను.

లిదియా పోర్జియా వాకిటి ముందు ఆగి, జనం వైపు తిరిగి అంది: "ఇది ఈ సందు ఆడవాళ్ళ పని. తల్లి నుంచి కూతురికి వస్తుంది."

పోర్జియా తల ఎత్తలేదు. "అన్ని ఇళ్ళల్లో కాదు మేడమ్. కొందరి కూతుళ్ళకు సముద్రం కావాలి."

"కొందరు తల్లులు తలుపేసుకుంటారు."

"తలుపు తెరిచే ఉంది. ఆ కళ్ళజోడు తీస్తే కనబడుతుంది."

మా ఊరి మాట అర్థం కాక, జనంలోంచి పొడుగాటి పెద్దాయన ఒకాయన వంగి అడిగాడు, "ఏమంటోంది ఆవిడ?"

"పిండిలో గుడ్డు వెయ్యరట," అంది లిదియా. తల్లి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నాన్న కోసం ఓడ వెనక్కి తిప్పమని నేను అడగలేదనుకున్నావా? కాళ్ళు పట్టుకున్నంత పని చేశానమ్మా. ఒక్క మనిషి తండ్రి కోసం ఓడ వెనక్కి తిరగదు."

"మీ నాన్న తలుపు వైపే చూస్తూ పోయాడు. అది నువ్వు చూడలేదు, నేను చూశాను."

"చూడలేదు! అది నువ్వు చెప్పాలా నాకు?"

ఫోటోలు తీస్తున్నవాళ్ళు చేతులు దించారు. లిదియా జెండా ఎత్తింది, పదండి అన్నట్టు. ఇక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడే సందు మూల రొట్టెల బట్టీలోంచి, అది నడిపే డొనాతో కేక వినబడింది. మా సందులో ఫొకాచా అనే మందపాటి రొట్టెకు ఎవరి పిండి వాళ్ళే కలిపి, పళ్ళెంలో పరిచి బట్టీకి పంపుతాం. కాలాక అది ఎవరి కోసమో ఆ పేరు పెట్టి డొనాతో పిలుస్తాడు. పోర్జియా మాత్రం పిలవద్దని చెప్పి, తనే వెళ్ళి తెచ్చుకునేది. ఆ రోజు జనం మధ్య ఇరుక్కుపోయింది.

"లిదియా పళ్ళెం! ఎంతసేపూ? చల్లారిపోతోంది ఇక్కడ!" అంటూ డొనాతో పళ్ళెం పట్టుకుని వచ్చేశాడు. వచ్చి, టోపీ కింద ముఖం చూసి, ఆగిపోయాడు. "ఓరి దేవుడా, నువ్వా!"

పళ్ళెంలో ఫొకాచా. ఒక సగం నిండా ఆలివ్ కాయలు, రెండో సగంలో టమాటాలే, ఒక్క ఆలివ్ లేదు. చిన్నప్పటినుంచీ లిదియా నోట ఆలివ్ పెట్టదు. సందులో పిల్లికి కూడా తెలుసు ఆ సంగతి.

"ఇది... ఇవాళ చేసిందా?" అంది లిదియా.

"ఇవాళేమిటి? ఓడ వచ్చిన ప్రతిసారీ," అన్నాడు డొనాతో. "సాయంత్రం దాకా బల్ల మీద పెట్టి, ఓడ వెళ్ళిపోయాక పంచేస్తుంది."

ఆలివ్ లేని ముక్కలు ఎప్పుడూ నా పళ్ళెంలోకే వచ్చేవి. తిన్నాను.

లిదియా కళ్ళజోడు తీసింది. గడప దాకా వచ్చి ఆగింది. పోర్జియా పిండి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"ఓడ తిప్పడం నీ చేతిలో లేదని నాకు తెలుసు," అంది. "తెలిసే అన్నాను. ఎవరినో ఒకర్ని అనకపోతే బతకలేకపోయాను ఆ రోజు." జనం వైపు చెయ్యి చూపించింది. "టూరిస్టులు బయట కూర్చుంటారు. నువ్వు లోపలికి రా."

ఆ పిల్ల టోపీతో ముఖం కప్పుకుని గడప దాటింది. జెండా నా చేతికొచ్చింది. సందులో వాళ్ళందరం కుర్చీలు తెచ్చాం. పెద్దాయనా మిగతా జనమూ ఆలివ్ సగం తిని, వేళ్ళు నాక్కుని, ఇంకా ఉందా అని అడిగారు. లోపల ఏడుపు వినిపించింది, తర్వాత "ఇంత చిక్కిపోయావేమే, ఓడలో తిండి పెట్టరా?" అని తిట్లు వినిపించాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఓడ మొదటి హారన్ మోగింది. లిదియా ఎర్రటి ముక్కుతో బయటికొచ్చింది. మిగిలిన ఫొకాచాను పోర్జియా పళ్ళెంతో సహా గుడ్డలో మూటగడుతోంది.

"కాగితంలో చుట్టివ్వమ్మా. అంత పెద్ద పళ్ళెం ఓడలో ఎక్కడ పెట్టుకోను?"

పోర్జియా ముడి ఇంకాస్త బిగించింది. "కాగితమైతే పారేస్తావు. పళ్ళెమైతే తెచ్చివ్వాలి."

మా సందులో ఎవరి పళ్ళెమూ ఎవరూ ఉంచేసుకోరు, ఖాళీగానూ తిరిగివ్వరు. లిదియాకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పళ్ళెం గుండెలకు హత్తుకుని, ఇంకో చేత్తో జెండా ఎత్తి, తన జనాన్ని తోరణం కిందనుంచి నడిపించుకుపోయింది.

పోర్జియా ఆ రోజు సందు చివరిదాకా వెళ్ళలేదు. బల్ల దగ్గర కూర్చుని గవ్వలు చేసింది. ఒక్కటీ చిరగలేదు.

— సెలెస్టీనా లొరూసో, డెబ్భై ఏడేళ్ళు. ఇప్పటికీ బారి పాత ఊళ్ళోనే, పోర్జియా ఎదురింట్లో.