జడ వేసే పది నిమిషాలు

ఉదయం ఏడయింది. నాచారంలోని ఆ రెండు గదుల వాటాలో శ్యామలాదేవి దువ్వెన, రిబ్బన్లు పట్టుకొని, యథాప్రకారం ముందు పీట వేసుకొని కూర్చున్నది. పదో తరగతి చదువుతున్న కూతురు కీర్తన మాత్రం కంప్యూటరు ముందు నుంచి కదలలేదు.

"జడలు వేస్తాను, రావే."

"వద్దమ్మా. నేనే ముడేసుకుంటా."

పది రోజులుగా ఇదే సమాధానం. తన చేతికింద ఉండవలసిన తల ఆ తెర ముందు వంగి ఉండటం చూస్తే, శ్యామలాదేవికి సవతిని చూసినంత కడుపుమంటగా ఉన్నది.

అంతలో పక్కవాటా పాపమ్మ కరివేపాకు కోసం వచ్చింది.

"వదినా, కీర్తన అన్నం తింటలేదంట గదా? పానం మంచిగ లేదా ఏంది?"

"మీకెవరు చెప్పారు?"

"మా బిడ్డ షైనీ చెప్పింది. 'నేనెవ్వరికీ నచ్చను' అని మీ కీర్తన ఫేస్‌బుక్‌ల రాసిందంట. నీకు తెల్వదా?"

కన్నతల్లికి తెలియని సంగతి పొరుగింటికి తెలిసింది! పాపమ్మ గడప దాటగానే శ్యామలాదేవి విసురుగా ప్లగ్గు పీకేసింది.

"ఊరందరికీ చెప్పుకున్నావు. నేనొక్కదాన్నే పరాయిదాన్నయ్యానా?"

"నీకు చెప్పి ఏం లాభం?" కీర్తన గిరుక్కున తిరిగింది. "చర్చిలో పాడిన ఫొటో పెడితే షైనీకి నూట ముప్పై లైకులు. నా ఫొటోకి పదకొండు. 'రెండు జడల బామ్మ' అని ఒకడు రాస్తే అందరూ నవ్వారు."

"ఎవరికెన్నో లెక్కపెట్టుకొని ఏడవడం ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇక్కడే." కీర్తన పీట వైపు చూపించింది. "రోజూ జడ వేస్తూ, షైనీకి లెక్కల్లో ఎన్ని, మా క్లాసు ఆమనికి సైన్సులో ఎన్ని... నువ్వే కదా చెప్పేదానివి? నాకెలా ఉందని ఒక్కరోజైనా అడిగావా?"

ఆ పది నిమిషాలూ తల్లీకూతుళ్ళ ముచ్చట్లేనని ఇన్నాళ్ళూ శ్యామలాదేవి మురిసిపోయింది. ఎంత తలచుకున్నా, వాటిలో కూతురి మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

రిబ్బన్లు పక్కన పెట్టి, రబ్బరుబ్యాండు మణికట్టుకు తొడుక్కున్నది.

"జడలు వద్దులే. నీ ఇష్టప్రకారమే ముడేస్తాను. ఇవాళ ఎవరి మార్కులూ చెప్పను. నువ్వు చెప్పు తల్లీ, వింటాను."

కీర్తన తటపటాయిస్తూనే వచ్చి పీట మీద కూర్చున్నది.

"వదినా, స్కూలు ఆటో వచ్చింది! షైనీ ఎక్కింది!" బయటినుంచి పాపమ్మ కేక.

"కాస్త ఆగమనండీ!"

చిక్కు ఎప్పుడో విడిపోయింది. ముడికి అర నిమిషం చాలు. అయినా రబ్బరుబ్యాండు ఆమె మణికట్టునే ఉన్నది. తడిసిన కళ్ళతో దువ్వుతూనే ఉన్నది. కీర్తన ఇంకా చెబుతున్నది.