డాక్టరుగారి ఇల్లాలు టోకెను తీసుకుంది

పొద్దున్నే డాక్టరుగారు కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నారు. భార్య గోడ పట్టుకుని వచ్చి, జ్వరం ఇంకా తగ్గలేదంది. ఆయన తలెత్తకుండానే ఆ మాత్రలు మానేసి వేరేవి వేసుకోమని పేరు చెప్పారు. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా పరిగెత్తేది ఈయన దగ్గరికే. హస్తవాసి మంచిదని పేరు. ఆ చెయ్యి సొంత పెళ్ళాం నుదుటి దాకా మాత్రం రాలేదు.

మొదట్లో వైరల్ అన్నారు. తగ్గకపోతే గొంతు ఇన్ఫెక్షనన్నారు. తల పగిలిపోతోందంటే టీవీ చూడొద్దన్నారు. డాక్టరు ఇంట్లోనే ఉంటే ఇంకేం భయమని అత్తగారు వంత పాడింది. ఇంట్లో డాక్టరుండటమంత దిక్కుమాలిన వ్యవహారం ఇంకోటి లేదని కోడలికి అప్పటికే బాగా తెలిసొచ్చింది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే మొగుడి పరువు పోతుంది. వెళ్ళకపోతే తన ప్రాణం పోయేలా ఉంది.

ఆయన వెళ్ళాక ఆవిడ మొహం కడుక్కుని, టాక్సీ ఎక్కి, ఆయన క్లినిక్‌కే వెళ్ళింది. కాంపౌండరు కంగారుగా లేచి లోపలికి రమ్మన్నాడు. ఆవిడ వద్దని, అందరిలాగే ఫీజు కట్టి, టోకెను తీసుకుని, దగ్గేవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుంది. వంతు వచ్చాక లోపలికెళ్ళి రోగి కుర్చీలో కూర్చుంది.

"ఏమిటీ తమాషా? ఇంట్లో చెప్తే సరిపోయేది కదా," అన్నారు డాక్టరుగారు.

"ఇంట్లో చెప్పాను. ఇక్కడైతే వింటారని వచ్చాను."

ఆయన మొహం కందగడ్డయింది. వెనకే వచ్చిన కాంపౌండరుని బయటికి పంపి, అలవాటైన ప్రశ్నలు మొదలుపెట్టారు. చలి వేస్తోందా, వాంతులున్నాయా, నిద్ర పడుతోందా. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనని వరసగా ఇన్ని సంగతులు అడగడం ఇదే మొదలు. జ్వరానికి ముందు పెరట్లో పిచ్చిమొక్కలు పీకానని చెప్పగానే ఆయన పెన్ను ఆగిపోయింది. మంచం మీద పడుకోమని ఒళ్ళంతా వెతికారు. చంకలో సిగరెట్టుతో కాల్చినట్టు చెక్కు కట్టిన నల్లటి మచ్చ కనిపించింది.

"ఇదెప్పటి నుంచి ఉంది?"

"జ్వరానికి ముందు నుంచే. నొప్పి లేదు కదాని నేనూ పట్టించుకోలేదు. మీరు చూస్తే కదా కనబడేది."

స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే నలుసంత పురుగు కుడితే వచ్చే జ్వరం. ఆయన ఇన్నాళ్ళూ మింగించిన మాత్రలకి అది లొంగదు. సరైన మందు పడితే త్వరగానే దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల్నీ మూత్రపిండాల్నీ పట్టుకుంటుంది. తగ్గని జ్వరమైతే తల నుంచి కాలిదాకా చూడకుండా ఎవర్నీ పంపొద్దని జూనియర్లకి గట్టిగా చెప్పేది ఈయనే.

వెంటనే మందు మొదలుపెట్టించారు. రక్తపరీక్షలు చేయించి ఈ రోజే ఆసుపత్రిలో చేర్చాలన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడకి విదిలించుకోవాలనే ఉంది. కానీ కాలిపోతున్న ఒంటికి ఆ చెయ్యి చల్లగా తగిలింది, విదిలించలేకపోయింది. అందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"ఎవరో పేషెంటయితే మొదటిరోజే చూసేవాణ్ణి. తప్పు నాదే. ఇక మీదట ఏ కాస్త నలతగా ఉన్నా నాతో చెప్పు," అన్నారాయన.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నానండీ," అంది ఆవిడ.

డాక్టరుగారు ఆవిడ చేతిలోనే మొహం దాచుకుని భోరుమన్నారు.