వల టోపీ వెనక బుగ్గలు

రండి, దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు ఆపండి, నోట్లో ఉన్నది మింగెయ్యండి. ఇది ఈగలకి కూడా తెలిసిన సంగతి, మీకే తెలీదు.

అమెరికాలో విస్కాన్సిన్ అనే చోట మార్లీస్ అని ఒక పిల్ల నలభై పెట్టెల తేనెటీగలు పెంచేది. వాటి మోత వింటే పక్కూరి కుక్కలు లారీ వస్తోందనుకుని రోడ్డెక్కేవి!

ఆ పిల్ల మొటిమల గుంటలు పోవాలని బుగ్గలకి లేజర్ చేయించుకుంది. "ఎరుపు రెండు వారాల్లో పోతుంది" అన్నాడు డాక్టర్. ఎరుపు పోయింది. గుంటలూ పోయాయి. కానీ సన్నటి గోధుమరంగు చుక్కలు గళ్ళు గళ్ళుగా మిగిలి, ఏడో వారానికీ కదల్లేదు. దాంతో ఈగలు కుట్టకుండా మొహం మీదికి దించుకునే వల టోపీ మనుషుల ముందు కూడా తియ్యడం మానేసింది.

సరిగ్గా అప్పుడే స్కూలు బస్సు నడిపే డ్వైట్ తేనె కొనడానికొచ్చి ఆమె మాటలకి పడిపోయాడు. ఈగంటే మనవాడికి చచ్చేంత భయం. అయినా అరువు టోపీలో వణుకుతూ వారం వారం వచ్చేవాడు.

"శుక్రవారం ఊరంతా కలిసి తినే వేపుడు చేపలకి వెళ్దామా?"

"ఈగలకి నాతో పనుంది."

వల కట్టుకుని చేప తినడం ఎలా మరి! నాలుగో శుక్రవారం డ్వైట్‌కి ఉక్రోషం వచ్చింది.

"నేనంటే ఇష్టం లేదని చెప్పెయ్, మార్లీస్. ఇంక అడగను. కానీ నా మొహం చూసి చెప్పు."

అంటూ పెట్టెల మధ్యే తన టోపీ పీకేశాడు!

"ఒరే పిచ్చోడా!"

అప్పటికే ఒక ఈగ ముక్కు మీద, ఇంకొకటి కంటి రెప్ప మీద కుట్టేశాయి. మార్లీస్ అతణ్ణి ట్రక్కు వెనక్కి లాక్కెళ్ళింది. ముల్లు గీకి తీద్దామంటే తన వల అడ్డొచ్చింది. విసుగ్గా పైకెత్తేసింది. ముళ్ళు రెండూ తీశాక గానీ గుర్తు రాలేదు. చప్పున బుగ్గలు మూసుకుంది.

"చూసేశావా?"

"ఒక కన్ను మూసుకుపోయింది. సగమే చూశాను. బాగుంది. మిగతా సగం చేపల దగ్గర చూస్తాను."

"వేళాకోళమా? పదకొండు వారాలైంది. పోవట్లేదు. అక్కడ అందరూ నన్నే చూస్తారు."

"ఈ ముక్కు పక్కన కూర్చుంటే నిన్నెవరు చూస్తారే?"

ముక్కు అప్పటికే బంగాళాదుంపంత అయ్యింది. మార్లీస్ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. టోపీ ట్రక్కులో పడేసి, "పద. నేనే నడుపుతా, నీకు దారి కనబడదు" అంది.

చేపల దగ్గర ఊరంతా తల తిప్పి చూసింది. మార్లీస్ బల్ల కింద అతని చెయ్యి పట్టుకుంది, తల మాత్రం దించలేదు. పక్క బల్ల దగ్గర ఓర్విల్ అని డెబ్బై ఏళ్ళ బ్రహ్మచారి. ఆ బుగ్గలూ, ఈ ముక్కూ, పట్టుకున్న చేతులూ మార్చి మార్చి చూసి ఫోర్కు కింద పెట్టేశాడు.

"పిల్ల దొరకాలంటే ఈగలతో కుట్టించుకోవాలని నాకు ఒక్కరైనా చెప్పారా! నేను అరవై ఏళ్ళుగా దోమలతో కుట్టించుకుంటున్నానే!"