తొమ్మిదో మెట్టులో బంకనీళ్ళు

రండి రండి, ఇటు దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు కట్టిపెట్టండి. గొట్టం కథ చెబుతుంటే గొట్టంలో నీళ్ళు కూడా నోరు మూసుకుంటాయి, మీకేమొచ్చింది?

ఓబుళమ్మ చిన్న కవాటం తిప్పి, రెండు వేళ్ళ మధ్య నీటిచుక్క పట్టి మెల్లగా విడదీసింది. తీగ సాగింది. మూరెడు సాగింది. సముద్రం నుంచి పైపేట దాకా మూడొందల మైళ్ళు, ఉప్పు తీసిన నీళ్ళు గొట్టంలో సులువుగా జారాలని కలిపే బంక అది. నీళ్ళను కొండెక్కించే పద్నాలుగు పంపుల మెట్లలో తొమ్మిదో మెట్టు దగ్గర, పాకం పట్టేవాళ్ళలా ఆ తీగ చూడటమే ఆమె ఉద్యోగం.

"జానెడు దాటగూడదు సార్. మూరెడు సాగుతాండాది."

బంక ఎంత పొయ్యాలో తేల్చే కంప్యూటరు పేరు నిర్ణాయకి; దాని తెర మీంచి ఇంజనీరు సుధీంద్ర తల ఎత్తలేదు. ఆ నీళ్ళను ఒక్కసారైనా ముట్టుకున్న పాపాన పోలేదు ఆ మహానుభావుడు. "రాపిడి పెరిగిందని నిర్ణాయకే బంక పెంచుతోంది."

"పెరగదా మరి! కరెంటు మిగలాలని పొద్దున పంపులు సగానికి దించితిరి. నీళ్ళు జోరు మీదుంటే సుడులు లేస్తాయి, బంక వాటిని అణుస్తాది. నిదానంగా పోతాంటే అణిచేదానికి సుడులేవీ? ఆ తీగలే ఒకదాన్నొకటి పీక్కోని అడ్డం పడతాయి."

"ఇదంతా ఎక్కడ చదివావు?"

"నువ్వు చదివినావు గదా సార్, నీకేం తెలిసింది?"

నిర్ణాయకి మరో రెండు పాళ్ళు బంక పోసింది. నీళ్ళు మందగించాయి. మందగించాయని నాలుగు పాళ్ళు పోసింది. కొండంత బుర్రకి తోచింది అంతే. పైపేట ఆసుపత్రి ట్యాంకులో ఇంక గంటకు సరిపడా నీళ్ళే ఉన్నాయి. అక్కడ డయాలిసిస్ మంచం మీద ఓబుళమ్మ చెల్లెలు సుంకులమ్మ పడుకుని ఉంది.

ఓబుళమ్మ బంకతొట్టి మీట కిందికి లాగి బంక ఆపేసింది. నాలుగు పంపుల మీటలూ పైకి తోసింది.

"నీ ఉద్యోగం ఊడుతుంది!" సుధీంద్ర అరిచాడు.

"నువ్వే చేసుకో సార్. ముందు చొక్కా చేతులు మడుచుకో."

గొట్టం గుర్రుమంది. వంద ఏనుగులు లోపల పరుగెత్తినట్టు కొండ ఊగింది. లోపలున్న బంకకి ఇప్పుడు పని దొరికింది; నీళ్ళు దూసుకుపోయాయి. నిర్ణాయకి 'ఇలాంటి ప్రవాహం లేదు' అని తెర మీద రాసి, అలిగినట్టు ఆరిపోయింది.

పదో మెట్టు నుంచి ఫోను. "అక్కా, మేమూ మీటలు లాగేదా?"

"లాగండప్పా. ఎవుర్నీ అడగొద్దండి."

సాయంత్రానికల్లా పద్నాలుగు మెట్లూ లాగేశాయి. ఈలోపే, గంట నిండకముందే ఆసుపత్రి ట్యాంకులో నీళ్ళు పడ్డాయి; సుంకులమ్మ మంచం పక్కన మిషను ఆగలేదు.

పైపేట కుళాయి దగ్గర జనం మూగారు. నిండిన గ్లాసును ఒకాయన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కదలకుండా నిలబడి పక్కాయన్ని అడిగాడు.

"బంక ఆపేసినారంట గదప్పా! నీళ్ళు గ్లాసులో నిలబడతాయంటావా?"