తలుపేసి అడిగిన మాట

ధర్మవరంలో ఆ పొద్దున గోవిందరాజులు ఇంట్లో మగ్గం ఆడలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడే కానీ ఆయన పోగు విసిరే నాడె ముట్టుకోలేదు. మద్రాసులో రెండేళ్లుగా సమాజసేవ చదువుతూ, సెలవులకొచ్చిన కూతురు నీలావతి గడపలోనే నిలబడిపోయింది.

"పక్కింటి కోడలు వెంకటక్కను పెనుకొండకు, పుట్టింటికి పంపేసినారు. అంతా నీ చదువు పుణ్యమే!" అన్నాడు.

"నేనేం తప్పు చేస్తి నాయనా?"

"ఆయమ్మను గదిలోకి పిల్చుకొనిపోయి తలుపేసుకుంటివి. ఏందేందో అడిగి రాసుకుంటివి. వాళ్లత్త యశోదమ్మ ఏమనుకుంటాది? ఇంటి గుట్టు బయటేసిందనుకోదా? ఇంక మద్రాసు వద్దు. ఈడే ఉండు."

నీలావతి చదువుకున్నది గుర్తుచేసుకుంది. కష్టంలో ఉన్న మనిషిని ఒంటరిగా అడగాలి, విన్నది ఎవరికీ చెప్పకూడదు అనే కదా పాఠం! ఆ ఇంగ్లీషు పుస్తకం రాసిన మహానుభావుడు మగ్గాల వీధి చూశాడా పాడా? ఇక్కడ ఏడుపైనా పోట్లాటైనా నలుగురిలోనే. తలుపేసి మాట్లాడితే చాడీలనే లెక్క. పోనీ ఉన్నది చెప్పేద్దామంటే, వెంకటక్కకు మాటిచ్చింది.

అవ్వ ఆదిలక్ష్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "ఆయమ్మ మాట చెప్పొద్దులే. నీ తప్పు నువ్వు చెప్పుకో. దానికి నీ చదువు అడ్డం రాదు కదమ్మీ?"

వీధిలో యశోదమ్మ వాళ్ల మగ్గానికెక్కించే పడుగు సాగదీస్తున్నారు. ఆడవాళ్లంతా వరసగా నిలబడి పోగులు సరిచేస్తున్నారు. నీలావతి పోయి తానూ ఓ పక్క పట్టుకుంది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"అత్తా, తలుపేసింది నేను. ఆయక్క వద్దనే చెప్పింది, నేనే ఇన్లేదు. నీ మీద ఒక్క మాట చెడ్డగా అనలేదు. తప్పు నాదే."

"మరేం చెప్పిండాది?"

"అది నేను చెప్పేది కాదత్తా. నీతో చెప్పాలంటే ఆయక్కకు భయం. నువ్వే పోయి అడుగు."

"నేనంటే భయమా?" యశోదమ్మ చేతులు ఆగిపోయాయి.

మధ్యాహ్నం రైలుకే యశోదమ్మ, నీలావతి ఇద్దరూ పెనుకొండ పోయారు. పుట్టింటివాళ్లందరి ఎదుటే అత్త అడిగింది. వెంకటక్క తలెత్తకుండానే చెప్పింది.

"అత్తా, నా కండ్లు మసకలేస్తాండాయి. పోగులు అగపడల్యా. నేయలేని కోడలు ఎందుకని వదిలేస్తావేమోనని..."

యశోదమ్మ ఆమెను గుండెకు హత్తుకుని భోరుమంది. "ఓసి పిచ్చిదానా! నిన్ను మగ్గానికి తెచ్చుకుంటినా, ఇంటికి తెచ్చుకుంటినా? పద, హిందూపురంలో డాక్టరుకు చూపిస్తా."

నీలావతి అక్కడే కూలబడి తనివితీరా ఏడ్చింది.

ఇంటికొచ్చి అంతా చెప్పింది. గోవిందరాజులు చాలాసేపు కండ్లు తుడుచుకున్నాడు.

"సోమవారం రైలుకు మద్రాసు పో తల్లీ. పొయ్యి, మన వీధిలో తలుపు తీసి నలుగురిలోనే అడగాలని మీ అయ్యవార్లకు గూడా చెప్పు. వాళ్లకెవరు చెప్తారు, పాపం!"